బడిపిల్లలు కట్టిన యంత్రము

రోబో యన్నంతనే మనలో పెక్కుమందికి మనిషి రూపున కాళ్లుచేతులు కలిగి, నడచుచు, మాటలాడు బొమ్మ మనస్సునకు వచ్చును. తెలుగున దానికి మరమనిషి యని పేరు పెట్టుటచేత ఈ భ్రమ మఱింత హెచ్చినది. ఉన్నత పాఠశాలల విద్యార్థులు పందెములకై కట్టు రోబోలకు తల యుండదు, నోరుండదు. నాలుగు చక్రములు, వానిని త్రిప్పు మోటారులు, చేయివంటి యొక కమ్మి, ఒక బ్యాటరీ, తీగల చిక్కు, ఆ తీగలకు బుద్ధిచెప్పు చిన్న పెట్టె, ఇంతే. చూచుటకు సంతలో విఱిగిన తోపుడుబండివలె నుండును. కాని ఆ బండి ఎవరును ముట్టకుండగనే ముప్పది సెకండ్లు తనంత తాను పనిచేయును. పిమ్మట రెండు నిమిషములు పిల్లల చేతిలోని మీటలకు లోబడి పరుగిడును. ఆ రెండున్నర నిమిషముల కొఱకు పదిపదునైదుగురు పిల్లలు నెలల తరబడి కష్టపడుదురు.

ఈ పందెములను గూర్చి మేము వ్రాయుటకు కారణము లేకపోలేదు. మాయింటివారు బడిపంతులగుటచేత తల్లిదండ్రుల సందేహములు మా వీధి యరుగుమీదనే పలుమారు వినవచ్చుచుండును. "పంతులుగారూ, బడి విడిచిన పిదపకూడ మా వాడు రెండు గంటలు మరచీలలు బిగించుచు కూర్చుండినచో పరీక్ష సంగతి ఏమి?" అని తండ్రులు అడుగుదురు. తల్లులు లోపలికి వచ్చి మమ్ములను వేఱుగ అడుగుదురు: "అక్కయ్యగారూ, ఆడపిల్లను ఆ గదిలో చీకటిపడుదాక ఉండనీయవచ్చునా?" ఈ రెండు ప్రశ్నలకును ఒక్కమాటలో సమాధానము చెప్పుట మావలన కాదు. జరిగిన కథలను చెప్పి, వానినుండి మాకు తోచినంత తీసి యిచ్చెదము.

యంత్రమును నిలిపి పందెము పెట్టుట మనకు క్రొత్త కాదు. ద్రుపదుడు మత్స్యయంత్రమును కట్టించి, దానిని కొట్టగలవానికి కూతునిచ్చెదనని చాటించెను. భోజరాజు పేర వెలసిన సమరాంగణ సూత్రధారమున యంత్రములకై యొక యధ్యాయమే కలదు. అయితే స్వయంవర కథలో బాణము వేసినవాని పేరు లోకమంతయు ఎఱుగును. యంత్రము కట్టిన శిల్పి పేరు ఎవరికిని పట్టదు. ఈనాటి పందెమున కట్టినవారే కొట్టవలయును. మఱియొక భేదము కూడ కలదు. నాడు ద్రౌపది పూలమాల పట్టుకొని నిలుచుండి చూచెను. నేడు ఆమెకూడ నడుము బిగించి రంగములోనికి దిగవచ్చును.

అమెరికా దేశమున డీన్ కామెన్ అను యంత్రశిల్పి కలడు. రోగి దేహములోనికి మందును కొంచెము కొంచెముగ తనంత తానే ఎక్కించు చిన్న పంపును యౌవనముననే నిర్మించి పేరుపొందినవాడు. మా దేశపు పిల్లలకు బంతియాటగాండ్ర పేర్లు నోటికి వచ్చునే కాని యంత్రములు కనిపెట్టినవారి పేర్లు రావే యని ఆయనకు బెంగ. ఆ బెంగతో 1989లో న్యూహాంప్‌షైర్ రాష్ట్రపు మాంచెస్టరు పట్టణమున 'ఫస్ట్' అను సంస్థను స్థాపించెను. ఆయనకు తోడైనవాడు మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడగు వుడీ ఫ్లవర్స్. ఈ ఆచార్యుడు తన తరగతిలో ప్రతి విద్యార్థికిని ఒకే విధమైన తుక్కు సామానుల సంచి నిచ్చి, దానితో యంత్రము కట్టుడని చెప్పి, కడపట అందఱి యెదుట పందెము పెట్టుచుండెడివాడు. ఆ పద్ధతియే ఉన్నత పాఠశాలలకు దిగినది.

మొదటి పందెము 1992లో మాంచెస్టరులోని యొక బడి వ్యాయామశాలలో 28 జట్లతో జరిగెను. ఆటస్థలమంతటను మొక్కజొన్న గింజలు మందముగ పఱచి, వానిమీద యంత్రములచేత టెన్నిసు బంతులు ఏరించిరి. వంటయింట జొన్నలు ఒలికినప్పుడు కాలు మోపిన స్త్రీలకు ఆ యంత్రముల పాట్లు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2019లో గతించిన ఫ్లవర్స్ ఆచార్యుడు ఈ యాటకు ఒక మర్యాదను అలవఱచి పోయెను. ఎంత తీవ్రముగ పోటీపడినను ఎదుటివారిని చిన్నబుచ్చరాదు. వారి మోటారు చెడినచో మన పెట్టెలోని మోటారు తీసి యీయవలయును. ఇది వట్టి నీతి కాదు, ఆటయొక్క కట్టడియే అట్లున్నది. ప్రతి యాటలోను కొన్ని జట్లు ఒక ప్రక్కకు, కొన్ని ఇంకొక ప్రక్కకు చేరును. ఉదయము మనకు ఎదురుగ నిలిచినవారు మధ్యాహ్నము మన ప్రక్కవారు కావచ్చును. తోడికోడండ్ర మధ్య నెగ్గుకొని వచ్చినవారికి ఈ కిటుకు తేలికగ తెలియును.

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచిన కథ ఆరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు నగరపు పడమటి భాగమున గల కార్ల్ హేడెన్ ఉన్నత పాఠశాలది. ఆ పేటలోని కుటుంబములు పెక్కు మెక్సికోనుండి కూలికై వచ్చినవి. బడికి పేరులేదు, డబ్బులేదు. అలన్ కామెరన్ అను పంతులు కంప్యూటరు విద్యను, ఫ్రెడి లాజ్వర్ది అను పంతులు సముద్రశాస్త్రమును బోధించుచుండిరి. సముద్రము కానరాని యెడారి పట్టణమున సముద్రశాస్త్రము! ఆ పంతులు ఎట్టివాడో యిక్కడనే పోల్చుకొనవచ్చును. వీరిరువురును బడిలో రోబో జట్టును పెంచి, 2004లో నీటిలో మునిగి పనిచేయు యంత్రముల పందెమునకు నలుగురు పిల్లలను సిద్ధపఱచిరి.

ఆ నలుగురిని చూడుడు. క్రిస్టియన్ ఆర్సెగా చదువున చురుకైనవాడు, లెక్కయన్న ప్రాణము. ఆస్కర్ వాస్కెజ్ బడిలోని సైనిక శిక్షణదళమున మిన్నయనిపించుకొని, సైన్యమున చేరదలచి, దేశమున నుండుటకు తగిన కాగితములు లేవని తెలిసికొని కుంగినవాడు. లొరెంజో సాంటిల్లన్ అల్లరివాడు; అయినవారు వాకిట కార్లు బాగుచేయుచుండగ ప్రక్కన నిలిచి పనిముట్లు అందించుచు మరల మర్మము పట్టినవాడు. లూయిస్ అరాండా భారీ దేహము, మితభాషి, హోటలులో వంటపని చేయువాడు. నలుగురును మెక్సికోలో పుట్టి చిన్ననాడే తల్లిదండ్రులతో సరిహద్దు దాటి వచ్చినవారు. వారిలో ఎక్కువమందికి రేపు ఎవరైన పట్టి పంపివేయుదురేమో యను భయము నిత్యము వెంటనుండెడిది.

మంచి విద్యార్థులను నలుగురిని ఏరి జట్టు కట్టినచో ఇట్టి కూర్పు కుదరదు. లెక్కలు చేయువాడొకడు, ఆజ్ఞ నడుపువాడొకడు, చేతిపని వాడొకడు, బరువు నెత్తి దించువాడొకడు. ఆ బరువెత్తువాడు లేనినాడు యంత్రము నీటిలోనికి దిగదు, దిగినను పైకిరాదు. తరగతి మార్కులను మాత్రమే చూచి పిల్లల నేరు బడులకు ఈ విషయము తలకెక్కుట కష్టము.

పందెపు పని యిది. ఈతకొలనులో మునిగిపోయిన జలాంతర్గామి నౌకను పోలిన బొమ్మను నిలుపుదురు. యంత్రము లోనికి దిగి దాని పొడవు కొలువవలయును, నీటి లోతును చల్లదనమును చెప్పవలయును, అడుగున నున్న వస్తువులను తీసికొని రావలయును, ఒక మూసిన పీపాలోని ద్రవమును పీల్చి తేవలయును. నడుపు పిల్లలు గట్టున కూర్చుండి యంత్రమునకు కట్టిన కెమెరాల తెరలు చూచుచు మీటలు త్రిప్పవలయునే కాని నీటిని తొంగిచూడరాదు.

పిల్లలు మొట్టమొదట చేసిన పని టెలిఫోను చేయుట. పనిముట్లు తయారుచేయు సంస్థలకు ఫోనుచేసి, మేము ఫలానా బడి విద్యార్థులము, మా కీ పని పడినది, దారి చెప్పుడని యడిగిరి. నీటి చల్లదనము కొలుచు సాధనమును గూర్చి ఒకరు ఓపికగ బోధించిరి. కాంతిరేఖతో దూరము కొలుచు సాధనమును ఇంకొకరు ఎరువిచ్చిరి. అడుగుటకు సిగ్గుపడని పిల్లవాడు సగము యంత్రము కట్టినట్లే. మన యిండ్లలో పెద్దలతో మాటలాడునప్పుడు పిల్లలు నోరు మెదపరాదని నేర్పుదుము. వినయము వలసినదే, కాని అపరిచితునితో తన పని యేమో స్పష్టముగ చెప్పి సాయమడుగుట కూడ విద్యయే యని మాకు తోచును.

యంత్రపు చట్టమునకు వారు ఎంచుకొన్నది నీళ్ల కుళాయిలకు వేయు పి.వి.సి. గొట్టము. చవుక, కోసి అతుకుట సులువు. గొట్టములోని గాలి తేలుటకు పనికివచ్చును. తీగలను అందులోనుండియే నడిపినచో తడియంటదు. బ్యాటరీలను గట్టున నుంచి లావుపాటి తీగను వ్రేలాడదీయుటకు బదులు, నీరు చొరని చేతిపెట్టెలో బ్యాటరీల నుంచి పెట్టెనే యంత్రమునకు కట్టిరి. ఇది గొప్ప సాహసము. పెట్టెలో చుక్క నీరు పడినచో అంతయు ముగియును. పీపాలోని ద్రవమును చిన్న పంపుతో పీల్చి బుడగలో నింపునట్లు ఏర్పాటుచేసిరి. గొట్టములు అతికించు జిగురు కంపు గదియంతయు కొట్టుచుండుటచే యంత్రమునకు 'స్టింకీ' యని, అనగా కంపుదానా యని, ముద్దుపేరు పెట్టిరి. ఖర్చు సుమారు 800 డాలర్లు. ఆ సొమ్ము కూడ ఊరివారిని అడిగి కూడబెట్టినదే.

ఈ పందెమున బడులకు ఒక తరగతి, కళాశాలలకు ఒక తరగతి కలవు. పంతుళ్లు పిల్లలను కళాశాలల తరగతిలోనే చేర్చిరి. ఓడిపోవుట ఎట్లును తప్పదు గదా, ఓడెడివారము పెద్దవారి చేతిలోనే ఓడినచో గౌరవముగ నుండునని వారి లెక్క. ఆ తరగతిలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థ వారును ఉండిరి. వారి యంత్రమునకు పెద్ద చమురు సంస్థ పోషణ కలదు.

2004 జూను నెలలో కాలిఫోర్నియా రాష్ట్రపు శాంటాబార్బరాలో, విశ్వవిద్యాలయపు ఈతకొలనువద్ద పందెము. అక్కడ యంత్రమును నీటిలోనికి దింపి చూడగ పెట్టెలోనికి నీరు ఊరుచున్నది! తీగలలో అతుకులు కూడ సరిగా లేవు. తెల్లవాఱినచో పందెము. తీగలకు మరల టంకము పెట్టుటకు రాత్రి సరిపోవునేమో; పెట్టె బెజ్జము ఎచ్చటనో కనిపెట్టి మాన్పుటకు వ్యవధిలేదు. నీరు రాకుండ ఆపలేనప్పుడు వచ్చిన నీటిని పీల్చుకొను వస్తువు పెట్టెలో నుంచవలయును. కొంచెము చోటు ఆక్రమించి ఎక్కువ నీరు త్రాగునది ఏది? స్త్రీలు నెలసరి దినములలో వాడు దూదిచుట్టలు! లాజ్వర్ది పంతులు ఆ మాట చెప్పి లొరెంజోను అంగడికి పంపెను. పదునాఱు పదునేడేండ్ల పిల్లవాడు. సిగ్గుతో అంగడిలో తచ్చాడి, తుదకు అచటనున్న యొక స్త్రీ నడిగి, ఏ రకము ఎక్కువ పీల్చునో తెలిసికొని కొనితెచ్చెను. మఱునాడు స్టింకీ ఆ దూదిచుట్టలతోనే నీటిలో మునిగి పని నెఱవేర్చెను.

ఈ ఘట్టమును మేము కొంచెము నిలిచి చెప్పుటకు కారణము చదువరులకు తెలియకపోదు. మన పెట్టెల అడుగున, చీరల మడతల చాటున దాచు వస్తువు ఒక యంత్రమును కాపాడినది. దానిని గూర్చి పంతులు శిష్యునితో వస్తువును గూర్చి వస్తువుగనే మాటలాడెను. అట్లు మాటలాడ నేర్చిన మగపిల్లల నడుమ ఆడపిల్లలు జంకులేక పనిచేయగలరని మా తలంపు. పత్రికలో వ్రాయదగినదేనా యని కొందఱు ముక్కున వ్రేలుంచుకొనవచ్చును; ఉంచుకొననిండు.

నీటిలోని పనులలో ఆ పిల్లలు మూడవవారుగ నిలిచిరి. కాని పందెమున నీటిపని యొక్కటే కాదు. యంత్రమును ఎట్లు తలపోసిరో, ఏల అట్లు కట్టిరో వ్రాసి యిచ్చిన గ్రంథమునకు మార్కులు కలవు; పరీక్షకుల యెదుట నిలిచి చెప్పిన సమాధానములకు మార్కులు కలవు. ఇతర జట్లవలె తెరమీద బొమ్మలు చూపక, చేతులాడించుచు నోటితోనే వివరించిరి. ఏమి, తెర యేదియని అడుగగ, చెప్పునది తెలిసినవారికి తెరయెందుకను భావముతో క్రిస్టియన్ బదులుచెప్పెను. మొదట నొక ప్రత్యేక బహుమానము ఇచ్చినప్పుడు పిల్లలు, ఇది మనల నోదార్చుటకేనని మొగములు వాడ్చిరి. పిమ్మట యంత్రపు టందమునకు బహుమానము వచ్చెను. వ్రాతకు బహుమానము వచ్చెను. ఇంగ్లీషు రెండవ భాషగా నేర్చిన పిల్లలకు వ్రాతలో బహుమానము! కడపట అన్నియు కలిపి చూడగ మొదటి జట్టు కార్ల్ హేడెన్ ఉన్నత పాఠశాలయే. మసాచుసెట్సువారు రెండవవారు.

కథ ఇక్కడ ఆపినచో చలనచిత్రమగును. నిజముగనే 2015లో 'స్పేర్ పార్ట్స్' అను చిత్రము కూడ వచ్చినది. కాని మన మడుగవలసినది ఆ తరువాతి సంగతి. 2005లో వైర్డ్ పత్రికలో జాషువా డేవిస్ ఈ వృత్తాంతమును వ్రాసిన పిమ్మట చదువరులు పిల్లల పైచదువునకు ధనము పంపిరి. 2006లో ఆరిజోనా రాష్ట్రమున, కాగితములులేని విద్యార్థులు పైరాష్ట్రమువారితో సమానముగ హెచ్చు జీతము కట్టవలయునను శాసనమునకు ప్రజలు ఓటువేసిరి. క్రిస్టియన్ విశ్వవిద్యాలయమును విడువవలసి వచ్చెను. ఆస్కర్ 2009లో యంత్రశాస్త్రమున పట్టమొంది, చట్టమునకు లోబడి తనకై తానే మెక్సికోకు వెడలిపోయెను. మరల రానిచ్చుటకు ఒక సెనేటరు పూనుకొనవలసి వచ్చెను. 2010లో తిరిగివచ్చి, చిన్ననాటి కోరికప్రకారము సైన్యమున చేరెను. లొరెంజోయు లూయిసును వంటవిద్య నభ్యసించి విందుల వ్యాపారము పెట్టిరి. పందెము గెలిచిన నలుగురును యంత్రశిల్పులు కాలేదు. దీనిని చూపి పందెము వ్యర్థమనువారికి మేము చెప్పునది యేమనగా, పిల్లలు కట్టిన యంత్రము నీరు చొచ్చినను మునుగలేదు. వారిని మునుగజేసినది బెజ్జము కాదు, శాసనము.

ఇక జట్టు పెట్టుట యెట్లు? ఫస్ట్ సంస్థ పందెములలోనే పన్నెండు మొదలు పదునెనిమిదేండ్ల పిల్లలకు ఏర్పడిన 'టెక్ చాలెంజి' అనునది కలదు. పదునైదుగురికి మించని జట్టు. యంత్రము ఆట మొదలున పొడవు వెడల్పు ఎత్తులు మూడును 18 అంగుళములకు మించరాదు. అనగా మన బియ్యపు డబ్బాను పెట్టు మూలలో ఇమిడిపోవును. ప్రతియేట సెప్టెంబరులో క్రొత్త ఆటను ప్రకటింతురు కావున పాత యంత్రమును దుమ్ముదులిపి తేవీలులేదు. అదే సంస్థవారి పెద్ద పందెమునకు యంత్రములు మనిషంత బరువుండును, జనవరిలో ఆట చాటుదురు, చేరుటకే వేల డాలర్లు. క్రొత్తవారు దాని జోలికి పోకుండుట మేలు. అమెరికాలోని మన తెలుగు కుటుంబముల పిల్లలు అనేకులు ఈ జట్లలో కలరు.

అంతకంటెను చిన్నగ మొదలిడదలచినచో ప్రపంచ రోబో ఒలింపియాడు కలదు. 2004లో ఆరంభమైన ఈ పందెమున ఇద్దఱు ముగ్గురు పిల్లలు, ఒక శిక్షకుడు ఉన్నచో జట్టగును. 2016లో దీని కడపటి పోటీలు మన ఢిల్లీ ప్రాంతముననే జరిగెను. మన పల్లెటూరి బడికి ఇదియే దగ్గఱ దారి.

జట్టు చేరిన మొదటి నెలలో పిల్లలకు ఆకాశమునకు నిచ్చెన వేయవలయునని యుండును. ఎత్తునది, విసరునది, ఎక్కునది, అన్నియు ఒకే యంత్రమున కావలయునందురు. పెద్దవారు చేయవలసినది వారి నోరు మూయించుట కాదు. మొదట సూటిగ నడిచి, సూటిగ ఆగు బండిని కట్టి చూపుడనుట. నడవని బండికి చేయి పెట్టిన నేమి లాభము? పందెములలో ఓడు క్రొత్త జట్లు చాలవఱకు గొప్ప యూహ లేక ఓడుట లేదు. వదులైన తీగ, నిండని బ్యాటరీ, ఊడిన మరచీల, ముందురోజు రాత్రివఱకు కట్టుచునే యుండి నడుపుట నభ్యసింపకపోవుట, వీనివలన ఓడుచున్నవి. పెండ్లివంటలో పాకము కుదరక కాదు, ఉప్పు తెచ్చుట మఱచి చెడినట్లు.

జట్టులో ఒకరు దినచర్య పుస్తకము వ్రాయవలయును. నేడేమి కట్టితిమి, ఏది విఱిగినది, ఏల విఱిగినది, రేపేమి మార్చెదము, ఎంత ఖర్చైనది, తేదీతో బొమ్మతో వ్రాయవలయును. పరీక్షకులు దీనిని చదువుదురు. ఈ పనిని ఆడపిల్లకు అంటగట్టి, మగపిల్లలు మీటలు పట్టుకొనుట పెక్కు జట్లలో కానవచ్చు నలవాటు. అందమైన చేవ్రాత యున్నదని పొగడి మూల కూర్చుండబెట్టుదురు. దీనికి విఱుగుడు కష్టము కాదు: వారమున కొకరు చొప్పున పుస్తకము చేతులు మాఱవలయును, టంకపు కడ్డీయు, మీటలును అట్లే మాఱవలయును. మొదటి నెలలోనే ఈ నియమము పెట్టనిచో ఆఱవ నెలలో పెట్టుట కుదరదు.

ఆడపిల్లల మాట వచ్చినది గనుక హెరాతు బాలికలను చెప్పక తప్పదు. ఆఫ్ఘనిస్థానమున పడమటి నగరము హెరాతు. 2017 జూలైలో వాషింగ్టనులో దేశమునకొక జట్టు చొప్పున ప్రపంచపు పిల్లల పందెము జరిగెను. ఆఫ్ఘనిస్థానము తరఫున ఆఱుగురు బాలికల జట్టు సిద్ధపడినది. వారి నటుల కూర్చినది రోయా మహబూబ్ అను వ్యాపారవేత్త. పందెపు సామానులు సుంకపు కచేరిలో నిలిచిపోయి ఆలస్యముగ చేరెను. అనుమతికై బాలికలు రెండుమారులు కాబూలు వెళ్లి రెండుమారులును లేదనిపించుకొనిరి. లోకమంతయు గోలపెట్టిన పిమ్మట అమెరికా అధ్యక్షుడు కలుగజేసికొనగ కడపటి ఘడియలో చేరుకొని, వారి ధైర్యమునకు వెండి పతకము పొందిరి. ఇంటికి చేరిన కొలది దినములకే ఆగస్టు 1వ తేదీన హెరాతులోని మసీదులో బాంబు ప్రేలి జట్టు నాయకురాలి తండ్రి మరణించెను. కూతురిని దేశాంతరము పంపిన తండ్రి యాతడు. 2020లో కరోనా జబ్బు వచ్చినప్పుడు ఆ జట్టు బాలికలే పాత టొయోటా కారు భాగములతో ఊపిరియాడించు యంత్రమునకు నమూనా కట్టిరి. 2021 ఆగస్టులో రాజ్యము మాఱిన తరువాత ఆఱవ తరగతి దాటిన బాలికలకు బడులు మూసిరి. జట్టులో కొందఱు దేశము విడిచి ఖతారు చేరిరి. చీకటిపడుదాక ఆడపిల్లను బడిలో ఉంచవచ్చునా యని మా యరుగుమీద నడిగిన తల్లికి, తలుపు తెఱచియున్నప్పుడు ఉంచవలయును తల్లీ యని మేము బదులుచెప్పితిమి. అయితే ఒంటరిగ కాదు. జట్టు తల్లులలో ఇద్దఱు వంతుచొప్పున ఆ గదిలో కూర్చుండవలయును. ఇంటికి తీసికొనిపోవు ఏర్పాటు ముందే నిర్ణయింపవలయును.

కూర్చుండుట యనగా కాపలా కాయుట మాత్రమే కాదు. ఉపాహారము తెచ్చుటయు జెండా కుట్టుటయు తల్లుల వంతని అమెరికాలో కూడ అనుకొందురు. కుట్టుమిషను పట్టెను బిగించిన స్త్రీకి మోటారు పట్టె బిగింప రాదా? పల్చని తీగను సూదిలో దారమువలె ఎక్కించు చేయి మనది. తిరుగలి నడుపు స్త్రీకి పళ్లచక్రముల సంగతి అరగంటలో తెలియును.

మనదేశమున సామానులు లేవనుటకు వీలులేదు. 2016లో భారత ప్రభుత్వము అటల్ ఇన్నొవేషన్ మిషను స్థాపించి, 6 మొదలు 12 తరగతుల పిల్లలకై బడులలో టింకరింగు ప్రయోగశాలలు పెట్టించినది. ఒక్కొక్క బడికి 20 లక్షల రూపాయలవఱకు సాయము. దేశమున పదివేల బడులకు ఇవి వచ్చినవి. ఆంధ్ర తెలంగాణములలో కూడ కలవు. మేమెఱిగిన యొక బడిలో ఆ గదికి తాళమే యెక్కువకాలము. వస్తువు పోయినచో ఎవరు లెక్కచెప్పుదురను భయమున డబ్బాలు విప్పనైన లేదు. మరచీల యొకటి పోయినచో పోవునది రెండు రూపాయలు; తాళమువలన పోవునది యెంతయో ఆ బడి లెక్కపుస్తకములో వ్రాయుటకు గడి లేదు. పిల్లల తల్లులు నలుగురు కలిసి వెళ్లి, వారమునకు మూడు సాయంకాలములు గది తెఱువుడు, వస్తువుల జాబితా మేము సరిచూచెదమని అడిగినచో ప్రధానోపాధ్యాయుడు కాదనుట కష్టము. మాయింటివారు ఈ మాటను ఒప్పుకొనిరి. పంతుళ్లు వెళ్లి చెప్పినచో వినరనియు, తల్లులు వెళ్లినచో విందురనియు ఆయన అభిప్రాయము.

గది తెఱచిననాడు చూచుకొనవలసిన చిన్న జాగ్రత్తలు కొన్ని. తిరుగు మోటారు దగ్గఱకు పోవు బాలిక జడను ముడిచి, ఓణీ కొంగును నడుమున బిగింపవలయును. బంగారు గాజులైనను, ఇనుప కడియమైనను తీసి డబ్బాలో పెట్టవలయును. బ్యాటరీ రెండు కొనలకు ఒకేమారు లోహము తగిలినచో క్షణమున కాలి చేయి బొబ్బలెక్కును. కోయునప్పుడు కండ్లకు అద్దాలు పెట్టనివారిని గదిలోనికి రానీయరాదు, పంతులనైనను సరే. టంకము పెట్టునప్పుడు కిటికీలు తెఱచి యుంచవలయును. టంకములో సీసము కలియుట కలదు గనుక ఆ చేతులు సబ్బుతో చక్కగ కడిగిన పిదపనే ఫలహారపు డబ్బా మూత తీయవలయును.